తిమ్మమ్మ ఉన్ని కత్తిరించిందట

తిమ్మమ్మ మా పశువుల దవాఖానకు వచ్చినప్పుడల్లా ముందు మందు సీసాను కాదు, నా మొహాన్ని చూసేది. సీసా మీద ఏం రాసి ఉందో ఆమెకు చదవరాదు. మొహాలు మాత్రం బాగా చదువుతుంది. "ఇది తాపితే తగ్గుతదా పాల్ సారూ?" అని అడిగి, నేను తగ్గుతుందని చెప్పేలోపు నా కళ్ళు ఎటు తిరిగాయో చూసుకునేది. ఆ తర్వాత "హౌదా?" అనేది. ఆమె పుట్టిల్లు కర్ణాటక అంచున ఉన్న ఊరు. పెళ్ళై ఇటువైపు వచ్చి ఇరవై ఏళ్ళయినా ఆ ఒక్క కన్నడ మాట ఆమెను వదల్లేదు. అవునా అని అడగడమే అది. ఆమె అడిగే తీరు చూస్తే మాత్రం, చెప్పినవాడికి తాను చెప్పింది నిజమేనా అని తనకే అనుమానం వచ్చేది.

నేను కాంపౌండరును. మా సొంతూరు ఉప్పునుంతల. ఉద్యోగం వచ్చాక గద్వాల దిక్కు పంపారు. డాక్టరు వారానికి రెండు రోజులు వస్తాడు కాబట్టి మిగతా అయిదు రోజులు జనానికి నేనే డాక్టరును. అంత గౌరవం ఇచ్చే ఊళ్ళో నన్ను నమ్మని మనిషి ఒక్క తిమ్మమ్మే. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. తర్వాత తెలిసింది, ఆమె నన్నొక్కణ్ణే కాదు, ఎవరినీ నమ్మదని. ఇంట్లో రెండు క్యాలెండర్లు ఉండేవి. ఒకదాంట్లో రాహుకాలం తప్పు వేస్తే, బడిపిల్లల చేత రెండోది చదివించి పట్టుకోవడానికట. డెబ్బై గొర్రెల మంద. మేపేది మొగుడు నాగప్ప. సాయంత్రం దొడ్డిలోకి వచ్చేటప్పుడు ఒక్కో గొర్రె వీపు తాకి తానే లెక్కపెట్టేది. తర్వాత నాగప్ప చేత పెట్టించేది. ఇద్దరి లెక్కా ఒకటే వస్తే, ఇద్దరమూ ఒకే తప్పు చేశామేమోనని ఇంకోసారి పెట్టేది. నాగప్ప మంచివాడు, ఏమీ అనడు. ఆయన మాట్లాడగా నేను విన్నది పదేళ్ళలో ఒక పేజీ నిండదు.

అవి నల్ల గొర్రెలు, గొంగళ్ళు నేసే ఉన్ని ఇచ్చేవి. ఏడాదికి రెండుసార్లు ఉన్ని కత్తిరిస్తారు. ఎండాకాలానికి ముందు కత్తిరించడంలో చిక్కు లేదు. చిక్కంతా దసరా, దీపావళి నడుమ కత్తిరించే దానితోనే. అప్పుడు కత్తిరిస్తే, అసలు చలి ముదిరేనాటికి ఒంటి మీద రెండు వేళ్ళంత ఉన్ని మళ్ళీ వస్తుంది. ఆలస్యం చేస్తే గొర్రె బోడి ఒంటితో చలిలో నిలబడాలి. తొందరపడి కత్తిరించాక ఈదురుగాలితో వాన పడితే ఇంకా ఘోరం. ఒక్క రాత్రి చాలు, ముందు పిల్లలు పోతాయి, తర్వాత చూడి గొర్రెలు. అందుకని ఆ నెలలో గొర్రెలు కాసే కురువోళ్ళందరిదీ ఒకటే ప్రశ్న. వానలు అయిపోయాయా, లేదా? చలి ముందొస్తుందా, వెనకొస్తుందా? రెండు నెలల తర్వాతి సంగతి ఈరోజే తెలియాలి. ఆకాశం చూస్తే పొద్దున మంచు కురుస్తుంది, పగలు మాడు పగిలే ఎండ కాస్తుంది, సాయంత్రానికి తూర్పున మబ్బు లేస్తుంది. ఒక్క రోజులో మూడు కాలాలు చూపించే ఆ ఆకాశాన్ని పట్టుకుని చలికాలం ఎలా ఉంటుందో చెప్పమంటే ఎవడు చెబుతాడు?

చెప్పేవాళ్ళకు మాత్రం కొదవ లేదు. అందులో నేనొకణ్ణి. ఏటా భాద్రపదంలో పైనుంచి ఒక కాగితం వచ్చేది. రాబోయే నాలుగు నెలల వాన, చలి సంగతులు అందులో ఉండేవి. దాన్ని గొర్రెల కాపరులకు చదివి వినిపించడం నా పని. "చలి సాధారణంగా గానీ, సాధారణం కంటే కొద్దిగా తక్కువగా గానీ ఉండే అవకాశం కలదు" అని చదివాను ఒకసారి. తిమ్మమ్మ వెనక వరుసలోంచి లేచింది.

"అంటే ఎక్కువ ఉండదన్నట్టేనా?"

"అట్ల రాయలేదు తిమ్మమ్మా. అవకాశం అని రాసిండ్రు."

"మరి అవకాశం తప్పితే గొర్రెలిస్తరా వాళ్ళు?"

అందరూ నవ్వారు. నాకు మండింది. కాగితం నేను రాయలేదు కదా.

రెండోవాడు వెంకటన్న. వనపర్తి నుంచి వచ్చే ఉన్ని బేరగాడు. తెల్లచొక్కా, నోట్లో వక్కపొడి, ఎవరింటికి పోయినా సొంత ఇల్లే అన్నట్టు కూర్చునే మనిషి. రెండు వేల అయిదులో దసరాకు ముందు మోటారు సైకిలు మీద వచ్చి తిమ్మమ్మ ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. నేను ఒక పొట్టేలుకు సూది వేయడానికి పోయి అక్కడే ఉన్నాను. తిమ్మమ్మ తమ్ముడు గోవిందు కూడా ఆరోజు వచ్చి ఉన్నాడు. గోవిందుకు ముప్పై ఏళ్ళుంటాయి. పుట్టింటి ఊళ్ళోనే ఉంటాడు, నలభై గొర్రెలు. తల్లి తొందరగా పోతే అక్కే పెంచింది. అక్క ఏం చెబితే అది.

"వానలు అయిపోయినయ్ తిమ్మమ్మా. టీవీల చెప్పిండ్రు," అన్నాడు వెంకటన్న. "ఈసారి చలి జల్దీ వస్తదంట, గట్టిగ వస్తదంట. ఇప్పుడే కత్తిరిస్తివా, చలి నాటికి బొచ్చు ఎదుగుతది. నీ మంచికే చెప్తున్న."

"హౌదా?" అంది తిమ్మమ్మ. మజ్జిగ ఇచ్చింది, సాగనంపింది. బండి మలుపు తిరిగేదాకా చూసి మావైపు తిరిగింది.

"వాని బండి ఎనక ఏం కట్టుకున్నడో చూసిండ్రా?"

నేను చూడలేదు. గోవిందూ చూడలేదు.

"కొత్త తాడిపత్రి. వాన పడితే సరుకు మీద కప్పేటిది. వానలు అయిపోయినయని నోటితోని చెప్తుండు, తాడిపత్రి కొనుక్కొని తిరుగుతుండు. ఒరే గోవిందూ, చెప్పేటోని నోరు చూడకు, చెయ్యి చూడు. నువ్వు కత్తిరించకు. నేను గూడ కత్తిరిస్తలేను."

ఉన్ని కత్తిరించడం వాళ్ళలో ఒక్క ఇంటి పని కాదు. చుట్టాలంతా కత్తెరలు తీసుకుని వస్తారు. ఈ ఇంటికి వాళ్ళు వస్తే, రేపు వాళ్ళింటికి వీళ్ళు పోవాలి. కూలి ఉండదు, ఒక పొట్టేలు కోసి అందరికీ అన్నం పెడతారు. ఆ యేడు తిమ్మమ్మ తన వంతు రోజు వద్దని కబురు పంపేసరికి చుట్టాలకు తల కొట్టేసినట్టయింది. పొట్టేలు కోయడం ఇష్టం లేక సాకు చెబుతోందన్నారు. దసరా అయిన వారానికి వాన పట్టుకుంది. మూడు రోజులు వదల్లేదు. నేను సూదులు, మందులు సంచిలో వేసుకుని దొడ్డి దొడ్డికీ తిరిగాను. ఎందుకు తిరిగానో నాకే తెలియదు, బోడి ఒంటి మీద చలిగాలి కొట్టాక సూది ఏం చేస్తుంది? ఆ ఊళ్ళోనే ఉన్ని తీసిన గొర్రెలు అరవై దాకా పోయాయి. తిమ్మమ్మవి, గోవిందువి ఒక్కటీ పోలేదు.

చెప్పాల్సిన సంగతి ఇంకొకటి ఉంది. నెల తర్వాత వెంకటన్న గద్వాలలో కనిపిస్తే తాడిపత్రి గురించి అడిగాను. బావమరిది వేరుశనగ బుడ్డలు పీకాడట, కాయ ఆరబోసుకోవడానికి కింద పరచను కావాలంటే కొన్నాడట. వానకూ దానికీ సంబంధమే లేదు. టీవీలో చెప్పింది విన్నాడు, నమ్మాడు, చెప్పాడు. అంతే. తిమ్మమ్మ అనుమానం పూర్తిగా తప్పు. వాన మాత్రం నిజంగా వచ్చింది. ఈ మాట ఆమెకు చెప్పాను. "హౌదా?" అంది.

అప్పట్నుంచి మొదలైంది అసలు తలనొప్పి. చలి ఎట్లుంటది తిమ్మమ్మా అని జనం ఆమె ఇంటికి రావడం మొదలుపెట్టారు. "నాకేం తెల్సు?" అనేది. నిజమే, ఆమెకు తెలియదు. జనం నమ్మితే కదా? చెప్పదు, దాస్తుంది అన్నారు. పైగా చెయ్యి చూడమన్న మాట గోవిందు ఊరంతా చెప్పి పెట్టాడు. ఇక ఆమె చేతుల మీదే అందరి కళ్ళు. ఎడ్లబండెడు కట్టెలు కొంటే ఈసారి చలి గట్టిదన్నారు. ఇంటిపైకప్పు సర్దిస్తే మళ్ళీ వాన ఉందన్నారు. రాజోలి దిక్కు నుంచి శనగ వేసే రైతు ఒకాయన వచ్చి, నోరు తెరిచి ఏమీ అడగకుండా గంటసేపు అరుగు మీద కూర్చుని, ఆమె దొడ్డికి చాటు కట్టిస్తోందా లేదా చూసుకుని పోయాడు. శనగకు చలి, మంచు కావాలి. అలా ఆ చలికాలంలో తిమ్మమ్మ పేరు మీద నాలుగు జోస్యాలు పుట్టాయి. రెండు నిజమయ్యాయి, రెండు కాలేదు. జనం నిజమైన రెండే గుర్తు పెట్టుకున్నారు. నా కాగితానికి అలాంటి అదృష్టం ఎన్నడూ పట్టలేదు.

మరుసటి యేడు దసరా పోయిన నాలుగో రోజు. దవాఖాన ముయ్యబోతుంటే తిమ్మమ్మ వచ్చింది. బయట ఎవరూ లేరని రెండుసార్లు చూసుకుని, కొంగు ముడి విప్పి ఒక ఉన్ని కుచ్చు నా బల్ల మీద పెట్టింది. కుదుళ్ళ దగ్గర తెల్లటి పొక్కులు.

"గజ్జి," అన్నాను. "ఎన్నింటికి?"

"పదకొండు."

"పదకొండింటికీ ఉన్ని తీసెయ్యాలి. మందు నీళ్ళతో ఒళ్ళంతా తడపాలి. మిగతా మందతో కలవనీయొద్దు."

"చేస్త. నువ్వు మాత్రం ఎవలకు చెప్పకు సారూ. దేవుని తోడు."

ఎందుకో నాకు తెలుసు. దీపావళి తర్వాత వాళ్ళ మందను గోవిందు ఊరి రైతులు పొలాల్లో ఆపుకుంటారు. రాత్రుళ్ళు మంద పొలంలో పడుకుంటే ఎరువు రైతుకు, జొన్నలు వీళ్ళకు. ఏడాది తిండి అదే. గజ్జి అన్న మాట బయటికి పొక్కితే పొలంలో ఆపుకోవడం అటుంచి, ఊరి పొలిమేర దాటనీయరు, తొట్టిలో నీళ్ళు తాగనీయరు. ఎవరికీ చెప్పనన్నాను. "హౌదా?" అంది. దాంతో బైబిలు మీద ఒట్టు కూడా పెట్టాను. ఇప్పటికీ ఆ ఒట్టు గుర్తొస్తే నా మీద నాకు కోపం వస్తుంది. రోగం దాచడం నా పని కాదు. కనీసం గోవిందుకు చెప్పమని అయినా ఆమెతో గట్టిగా అనాల్సింది. అన్నాను, గట్టిగా అనలేదు. "వానికి చెప్తే వాని పెండ్లానికి చెప్తడు. దానికి చెప్తే బాయి కాడ అందరికి చెప్తది," అంది. తమ్ముణ్ణి అనుమానించలేదు, తమ్ముడి నోటిని అనుమానించింది.

ఆ పదకొండింటినీ ఇంట్లో తలుపులు వేసుకుని మొగుడూ పెళ్ళాలే కత్తిరించారు. చుట్టాలను పిలవలేదు, పొట్టేలు కోయలేదు. మందతో కలవకుండా నాగప్ప వాటిని తీసుకుపోయి రాయచూరు రోడ్డు పక్క గుట్ట కింద మేపాడు. అటు జనం రారని ఆయన లెక్క. జనం రారు, బస్సులు పోతాయి. బస్సులో గోవిందు పోతున్నాడు. కిటికీలోంచి బావ కనిపించాడు, బావ ముందు బోడి గొర్రెలు కనిపించాయి.

మూడు రోజుల్లో ఆ మాట చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగింది. తిమ్మమ్మ ఉన్ని కత్తిరించిందట. చుట్టాలను కూడా పిలవకుండా దొంగచాటుగా కత్తిరించిందట. అంటే ఇక వానలు లేవు, చలి జల్దీ వస్తుంది, ఆ సంగతి తనొక్కతే ఉంచుకుందామనుకుంది. జనం ఇలా లెక్క కట్టారు. నేను ఆ మాట వింటూ దవాఖానలో మందు సీసాలు సర్దుకుంటూ కూర్చున్నాను.

గజ్జి తగ్గుముఖం పట్టిందా లేదా చూద్దామని ఆ వారంలోనే తిమ్మమ్మ ఇంటికి పోయాను. నేను ఉండగానే గోవిందు వచ్చాడు. ఆ పదకొండూ అప్పుడు గుట్ట దగ్గర ఉన్నాయి, మిగతా మంద దొడ్డికి ఇంకా రాలేదు. అతను చూడటానికి అక్కడ గొర్రె అన్నదే లేదు.

"అక్కా, కత్తిరించినవంట గద?"

"కొన్ని."

"ఇగ వానలు లేనట్టేనా?"

"నాకు తెల్వదురా. పైన మొగులుకే తెల్వాలె."

"మరెందుకు కత్తిరించినవ్?"

తిమ్మమ్మ నా వైపు చూసింది. నేను నేల చూశాను. ఆమె చెప్పాల్సిన ఒక్క మాట నోటిదాకా వచ్చి ఉంటుందనే ఇప్పటికీ నా నమ్మకం.

"ఊరికె," అంది.

గోవిందు నవ్వాడు. "ఊరికె కత్తిరిస్తవా? నువ్వా?"

"నన్ను చూసి చెయ్యకురా. చెప్తున్న విను. ఇంకో పదిహేను దినాలు ఆగు."

"నువ్వు మాత్రం ఆగలె," అన్నాడు. కోపంగా కాదు, అక్క ఎత్తు తెలిసిపోయిన సంతోషంతో అన్నాడు. బయటికి వచ్చాక నా సైకిలు పట్టుకుని అడిగాడు. "సారూ, మీ కాగితంల ఏమొచ్చింది ఈసారి?"

"వానలు తగ్గుముఖం అని ఉంది. చలి సాధారణం అని ఉంది," అన్నాను. ఉన్నదే చెప్పాను. అందులో అబద్ధం లేదు. అబద్ధం లేకుండా మనిషిని గోతిలోకి తోయవచ్చని నాకు అప్పటికి తెలియదు. గోవిందు మూడోరోజే చుట్టాలను పిలిచి తన నలభై మూడు గొర్రెలకూ ఉన్ని తీయించాడు. అందులో సగానికి పైగా చూడివి.

దీపావళి వెళ్ళిన వారానికి తూర్పుగాలి మొదలైంది. మొదటిరోజు తుంపర. రెండోరోజు పొద్దుటికల్లా ఈదురుగాలి, ముసురు. మధ్యాహ్నం కూడా దీపాలు పెట్టుకోవాల్సినంత చీకటి. తిమ్మమ్మ ఆ పదకొండింటినీ వంటింట్లో కట్టేసి, పొయ్యి ఆరకుండా చూసి, తాను వసారాలో పడుకుంది. గోవిందుకు ఉన్నది ముళ్ళకంచె దొడ్డి, పైన ఆకాశం. నలభై మూడింటిని ఏ ఇంట్లో పెడతాడు? నేను మూడోరోజు మధ్యాహ్నం, వాన కాస్త తెరిపి ఇచ్చాక, బస్సు పట్టుకుని అతని ఊరికి పోయాను.

గోనెసంచులు కప్పాడు. అవి అయిపోతే పెళ్ళాం చీరలు కప్పాడు. ఎరువుల బస్తాల ప్లాస్టిక్ కాగితాలు కప్పాడు. ఆ తడి గుడ్డల కింద గొర్రెలు ఒకదానికొకటి ఒరిగి నిలబడి ఉన్నాయి. అలా ఒరిగినవాటిలో కొన్ని నిలబడే చచ్చిపోయి ఉన్నాయి, పక్కది జరిగితే పడ్డాయి. మొత్తం పంతొమ్మిది. వాటి కడుపుల్లోవి లెక్కలో లేవు. నేను ఉద్యోగంలో చాలా చావులు చూశాను, రాసి పుస్తకంలో పెట్టాను. అక్కడ మాత్రం సంచి విప్పలేకపోయాను.

సాయంత్రానికి తిమ్మమ్మ వచ్చింది. బస్సు లేక రెండు క్రోసులు నడిచి వచ్చింది. తమ్ముడు దొడ్డి బయట రాయి మీద కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"నీయి ఎన్ని పోయినయ్ అక్కా?"

"పోలేదు."

"ఒక్కటి గూడ?"

"ఒక్కటి గూడ."

"వాన వస్తదని తెల్సి ఇంట్ల కట్టేసుకున్నవంట. నాకు చెప్పలె."

"గజ్జిరా!" అంది తిమ్మమ్మ. ఆ మాట ఆమె నోట్లోంచి అరుపులా వచ్చింది. చుట్టూ ఊరి జనం ఉన్నారు, ఆమె మందను ఆపుకోవాల్సిన రైతులూ ఉన్నారు. ఎవరినీ చూడలేదు. "పదకొండింటికి గజ్జి లేసింది. అందుకే తీసిన. గా పదకొండే. మిగిలినయ్ కత్తిరించనే లేదు. వాన సంగతి నాకేం తెల్సురా, నీ మీద ఒట్టు!"

గోవిందు తలెత్తి ఆమె మొహంలోకి చూశాడు.

"హౌదా?" అన్నాడు.

ఆమె కింద కూర్చుండిపోయింది. నేను కల్పించుకున్నాను. "నిజం గోవిందూ. మందు ఇచ్చింది నేనే."

"ఆనాడు నువ్వు పక్కనే ఉంటివి గద సారూ. గప్పుడెందుకు చెప్పలె?"

వెనక ఎవరో గొణిగారు, ఇద్దరూ కూడబలుక్కుని వచ్చారని. ఆ మాట అన్నవాణ్ణి కొట్టాలనిపించింది. కానీ అతని స్థానంలో నేనున్నా అదే అనేవాణ్ణి.

గోవిందు దొడ్డిలో మిగిలినవాటిని వేలితో లెక్కపెట్టాడు. తర్వాత అన్నాడు, మెల్లగా, లెక్క తేల్చినట్టు.

"ఇరవై నాలుగు మిగిలినయ్. ఇవి గూడ చలికి నిలవయి. శుక్రవారం కోతోళ్ళు వస్తరు, ఇచ్చేస్త. మేస్త్రీ పుణెకు మనుషులను తీస్కపోతుండు. నేను, మా ఆడామె పోతం. ఇటుకలు మోస్తం. గొర్రెల సంగతి మనకు వద్దిగ."

ఆ ఇరవై నాలుగింటిలో పదిహేను చూడివి ఉన్నాయి. తాత నాటి నుంచి వస్తున్న మంద అది. అందులో సగం ఈతలు తిమ్మమ్మ పుట్టింట్లో ఉన్నప్పుడు తన చేతులతో తీసినవాటి సంతానమే. శుక్రవారం ఆ మంద కసాయివాళ్ళ కోతకు పోతుంది, తమ్ముడు పుణె పోతాడు. ఆమె మొహం చూస్తే ఆ రెండిట్లో దేనికి ఎక్కువ భయపడిందో చెప్పలేను.

"ఒక్కటే అడుగుత అక్కా," అన్నాడు గోవిందు. "ఇప్పుడన్నా నిజం చెప్పు. ఈసారి చలి ఎట్లుంటది?"

తెల్వదు. ఆమె దగ్గర ఉన్న నిజం ఆ ఒక్కటే. ఆ నిజం చెబితే ఏమవుతుందో ఆమెకే కాదు, నాకూ తెలిసిపోయింది. దాస్తోంది అనుకుంటాడు. చలి గట్టిది కాబట్టే దాస్తోంది అనుకుంటాడు.

"చలి లేదు ఈసారి," అంది తిమ్మమ్మ.

నేను అదిరిపడి చూశాను. ఎన్నడూ రేపటి మాట కూడా చెప్పని మనిషి, నాలుగు నెలల కాలాన్ని ఒక్క మాటలో తేల్చేసింది.

"నిజమేనా?"

"లేదంటున్న గద. ఉంచుకో. అమ్మకు."

గోవిందు ఆమె నోరు చూడలేదు. ఆమె ఏం చేస్తుందా అని చూస్తున్నాడు. తిమ్మమ్మకు అది అర్థమైంది. తాను నేర్పిందే కదా. లేచి నిలబడి, తలమీద నుంచి కప్పుకున్న గొంగడి తీసి, నీళ్ళు దులిపి, దగ్గర్లో వణుకుతున్న చూడి గొర్రె మీద కప్పింది. "నాకెందుకిది? చలే లేనప్పుడు?" అంది. నూలు చీర మీద, ఆ తుంపరలోనే, రెండు క్రోసులు వెనక్కి నడిచిపోయింది. గోవిందు ఆమె మలుపు తిరిగేదాకా చూశాడు. శుక్రవారం కోతవాళ్ళకు రావద్దని కబురు పంపాడు. మేస్త్రీకి కూడా.

ఆ యేడు చలి ఎముకలు కొరికింది. నేను ఈ దిక్కుకు వచ్చాక అంత చలి ఎరగను. నా కాగితంలో సాధారణం అని ఉంది. వెంకటన్న టీవీలో ఏదో ఇంకోటి చెప్పారు. మార్గశిరం మొదటి వారానికే పొద్దున తొమ్మిదింటిదాకా జనం మంటల దగ్గర నుంచి లేవలేదు. తిమ్మమ్మ భుజం మీద మాత్రం గొంగడి లేదు. ఒక్కరోజు కాదు, చలికాలం మొత్తం. ఇంట్లో పది గొంగళ్ళు మడత పెట్టి ఉన్నాయి. గోవిందు ఎప్పుడు ఏ బస్సులో పోతాడో, ఏ అంగట్లో ఎదురవుతాడో తెలియదు. వాడు చూడకపోతే వాడి ఊరివాడు ఎవడైనా చూసి చెబుతాడు. ఆమెకు లోకం మీదున్న అనుమానమంతా ఇప్పుడు ఈ పనికి వచ్చింది. తమ్ముడి మందకు మట్టిగోడ చాటు కట్టించింది, చలికి కాదు, తోడేలు కోసం అని చెప్పి. గజ్జి సంగతి ఊళ్ళో అందరికీ తానే చెప్పుకుంది. ఎవరూ నమ్మలేదు. ఏదో ఎత్తు వేస్తోందన్నారు, మందను పొలాల్లో ఆపుకున్నారు.

మధ్యలో ఒకసారి ఆమెకు దగ్గు పట్టుకుంది. నేను తిట్టాను. "సచ్చిపోతవ్ తిమ్మమ్మా. ఇంట్లనన్నా కప్పుకో."

"అబద్ధం చెప్పిన గద సారూ," అంది. "ఎండాకాలం వచ్చేదాక దానికి కాపలా ఉండాలె."

పుష్యమాసంలో ఒక పొద్దున గద్వాల బస్టాండులో అక్కాతమ్ముళ్ళిద్దరూ కనిపించారు. ఏదో చుట్టాల పెళ్ళికి పోతున్నారు. మంచుకు ఎదుటి బస్సు పేరు కనిపించడం లేదు. గోవిందు చెవులదాకా గొంగడి చుట్టుకుని ఉన్నాడు. పక్కన తిమ్మమ్మ నూలు చీరలో, చేతులు కొంగు కింద దాచుకుని నిలబడి ఉంది. పెదవులు నల్లబడి ఉన్నాయి. ఎక్కడ వణుకు కనిపిస్తుందోనని దవడలు బిగబట్టి ఉంది.

"పదమూడు పిల్లలు లేచినయ్ సారూ," అన్నాడు గోవిందు నన్ను చూడగానే. మాటకో పొగ వస్తోంది నోట్లోంచి. "ఒక్కటి గూడ పోలేదు. అక్క చెప్పినట్టే అయింది గద? ఈసారి చలి లేదు గద సారూ?"

అతను నమ్మాడో, నమ్మినట్టు ఉన్నాడో నాకు తెలియదు. అడుగుతూ నా వైపే చూస్తున్నాడు. నేను స్వెట్టరు వేసుకుని, మెడకు మఫ్లరు రెండు చుట్లు చుట్టుకుని ఉన్నాను.

"లేదు గోవిందూ," అన్నాను. "ఏడుంది చలి?"

అని మఫ్లరు విప్పి సంచిలో పెట్టుకున్నాను.